చాకిరీ అడ్వాన్సు

ఇల్లు కొనడానికి మా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి మా ఆయన జీతం, రెండోది మా అత్తగారి నోరు. జీతం చూసి బ్యాంకువాళ్లు తొమ్మిది వంతులు అప్పిస్తామన్నారు. మిగిలిన పదో వంతు అడ్వాన్సుగా మేమే పెట్టుకోవాలి. అత్తగారి నోరు చూసి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అద్దె ఇళ్లవాళ్లు మాత్రం తొందరగా ఖాళీ చేయమని చెప్పేవారు.

మా ఆయన కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తారు. ఎవరి కంటికి సరిపడే అద్దాన్ని వాళ్లకి అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం ఆయన పని. రోజంతా వేలెడంత గాజు మీద నలుసు లేకుండా తుడిచే మనిషి కాబట్టి ఇంట్లో ఎక్కడైనా మరక కనిపిస్తే ఒంటిమీద జెర్రి పాకినట్టు అయిపోతారు. పెళ్లైనప్పటి నుంచీ మేం అడ్వాన్సు కూడబెడుతూనే ఉన్నాం. అది కాస్త పెరిగిందని మేం సంతోషించేలోపు ఇళ్ల ధరలు మాకన్నా ముందే మేడెక్కి కూర్చునేవి. ఒకసారి అత్తగారి కంటి ఆపరేషన్, ఇంకోసారి మా ఆయన దుకాణం మూతపడి మళ్లీ తెరిచేదాకా ఇంట్లో గడవడం. చివరికి మా ఇంట్లో పొదుపు అనేది పక్కింటివాళ్ల పిల్ల పేరులా అయింది. వినపడేది, మాది కాదు.

అలాంటప్పుడు న్యాయంగారు తగిలాడు.

ఆయనకి వేరే పేరుంది. మాటకి ముందొకసారి వెనకొకసారి "న్యాయంగా" అనకుండా ఉండలేడు కాబట్టి నేను పెట్టిన పేరు ఇది. కళ్లద్దాలు మార్పించుకోవడానికి దుకాణానికి వచ్చి, మాటల్లో మా సంగతి తెలుసుకుని, ఇంటికే వచ్చేశాడు. కూర్చున్న కాసేపట్లో నన్ను చెల్లెమ్మని, మా ఆయన్ని బావగారిని, అత్తగారిని పిన్నిగారిని చేసేశాడు. చుట్టరికం కలపడానికి ఆయనకి అడ్వాన్సు అక్కర్లేదు.

"అడ్వాన్సు లేదని దిగులెందుకు బావగారూ. నాకో పాత ఇల్లుంది. కాస్త మురికిగా ఉంది. న్యాయంగా చెబుతున్నా, కాస్త కాదు. మీరు అద్దెకి దిగండి. బాగుచేసుకోండి. ఆ చాకిరీయే మీ అడ్వాన్సు. ఏడాది తిరిగాక బ్యాంకు మనిషి వచ్చి ఇంటికి విలువ కడతాడు. ఆయన ఎంతంటే అంతకి అమ్ముతా. పదో వంతు నాకు ముట్టిందని నేను రాసిస్తా."

"ధరేదో ఇప్పుడే అనేసుకుంటే పోలేదా?" అన్నాను.

"నేను చెబితే అది నా మాట అవుతుంది చెల్లెమ్మా. బ్యాంకు మనిషి చెబితే న్యాయం అవుతుంది."

నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదువుకున్నాను. ఆ పట్టా పెట్టె అడుగున, పాత దుప్పట్ల కింద ఉంది. న్యాయంగారు రాసుకొచ్చిన ఒప్పందం మీద మేం సంతకాలు పెట్టిన రోజు దాన్నెవరూ లేపలేదు.

మొదటిసారి తలుపు తీసినప్పుడు లోపలి గాలి మొహాన తడిగుడ్డలా పడింది. అంతకుముందు అక్కడ అద్దెకున్నాయన నూనెలో వేయించిన చిరుతిళ్లు చేసి దుకాణాలకి వేసేవాడట. ఏళ్ల తరబడి మరిగిన నూనె ఆవిరి గోడలకెక్కి, అక్కడే ఆరి, దాని మీద మళ్లీ ఎక్కి, ఇల్లంతా ముదురు తేనె పూసినట్టుంది. తేనె అన్నందుకు తేనెటీగలు క్షమించాలి. ఆ జిగురులో ఈగల రెక్కలు, వెంట్రుకలు, ఎప్పటివో క్యాలెండరు ముక్కలు, ఒకచోట తోకతో సహా ఓ బల్లి. స్విచ్చి నొక్కితే వేలు వెంటనే వెనక్కి రాదు. వంటింటి పైకప్పుకి గోధుమరంగు చుక్కలు వేలాడుతున్నాయి. అవి పడవు, పోవు. మన తల సరిగ్గా వాటి కింద ఉన్నంతసేపూ ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంటాయి.

"చచ్చినా ఈ ఇంట్లో గుక్కెడు నీళ్లు తాగను" అన్నారు అత్తగారు.

"తాగకపోతే బయట అద్దెలకే చస్తాం అమ్మా" అన్నారు మా ఆయన.

తాగారు. గ్లాసుని ముందు నాచేత మూడుసార్లు కడిగించి తాగారు.

మరిగే నీళ్లలో బట్టల సోడా కలిపి గోడమీద చల్లి, నానాక రేకుతో గీకితే జిడ్డు చుట్టలుగా ఊడేది. ఊడి కింద పడితే బాగానే ఉండేది. మోచేతి మీదుగా జారి చంకలోకి పోయేది. ఎన్నిసార్లు తలస్నానం చేసినా నా జుట్టు ఆ వ్యాపారి బాణలి వాసనే వేసేది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు వేళ్ల వాసన తగిలి ముద్ద అక్కడే ఆగిపోయేది. సోడాకి అరచేతుల మీద తోలు లేచిపోయింది. అత్తగారు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, గది మధ్యలో కుర్చీ వేసుకుని, "ఆ మూల వదిలేశావే అమ్మాయ్" అని దారి చూపించేవారు.

గోడలు నయం. వంటింటి తూములోంచి నీళ్లు పోయేవి కావు. మా ఆయన ఇనపచువ్వ పెట్టి పొడిస్తే లోపల్నుంచి తెల్లగా, మెత్తగా, పిండిముద్దలాంటిది బయటికి వచ్చింది. గడ్డకట్టిన కొవ్వు. చువ్వకి తెగదు, నీళ్లకి కరగదు. చేతులు పెట్టి లాగాలి. లాగాం. బకెట్లకి ఎత్తాం. దాని మధ్యలోంచి ఒక చెంచా, ఒక ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి, ఒక పన్ను వచ్చాయి. ఆ పన్ను గురించి మేం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

నెలలు గడిచేకొద్దీ ఇల్లు ఇల్లులా కనిపించసాగింది. స్నానాలగదికి మా ఆయన తన చేత్తో తెల్లటైల్స్ అంటించారు. కళ్లద్దం బిగించినంత జాగ్రత్తగా, సందుకి సందు సూటిగా. అయ్యాక ఆయన స్నానానికి వెళ్తే ఒక పట్టాన వచ్చేవారు కాదు. నీళ్ల చప్పుడు ఆగిపోయాక కూడా లోపలే ఉండేవారు. ఏం చేస్తున్నారని అడిగితే "చూస్తున్నా" అనేవారు.

ప్రతి ఆదివారం న్యాయంగారు వచ్చేవాడు. గోడకి వేలు రాసి, వాసన చూసి, ఆ వేలు మా కర్టెనుకి తుడుచుకునేవాడు. టీలో బిస్కెట్టు ముంచి, అది తెగి కప్పులో పడితే, అదే వేలితో వెతుక్కుని తినేవాడు. ఆ కప్పుని నేను విడిగా ఉంచేదాన్ని.

ఒక ఆదివారం, కప్పులో వేలు ఉండగానే అన్నాడు. "మీరొచ్చినప్పుడు ఈ కొంపని న్యాయంగా ఎవరూ ముట్టేవాళ్లు కాదు చెల్లెమ్మా. ఇప్పుడు రెండింతలు పలుకుతుంది."

మా ఆయన మొహం వెలిగిపోయింది. మెచ్చుకున్నాడనుకున్నారు.

"ఎవరికి పలుకుతుందండీ?" అన్నాను.

"మార్కెట్లో."

"కొనేది మేమే కదా."

"మీరే. ఇంకెవరు?"

"మరి మా చాకిరీ?"

"అడ్వాన్సు కింద జమ. రోజుకూలీ లెక్కన. న్యాయంగా ఒక్కరోజు కూడా తగ్గించను."

పెట్టె అడుగున నా పట్టా ఒకసారి దగ్గినట్టనిపించింది. గోడ కడిగినందుకు నాకు కూలీ జమ. గోడ శుభ్రంగా ఉన్నందుకు ఆయనకి ధర జమ. ఆ ధర చెల్లించేది మళ్లీ నేనే. ఇన్ని నెలలూ గీకిన జిడ్డంతా మా నెత్తినే పోసుకుంటున్నాం. రెండింతల ధరకి అప్పివ్వాలంటే మా ఆయన జీతం చాలదని బ్యాంకువాళ్లని అడగక్కర్లేదు. మేం కొనలేం, ఖాళీ చేస్తాం. తళతళలాడే ఇల్లు ఆయనకి మిగులుతుంది. ఊళ్లో ఆయనకి ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయని, వాటిలో మాలాంటి వాళ్లే ఉన్నారని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. ఎన్ని కొంపల్లో ఎంతమంది ఆడవాళ్ల చేతుల తోలు లేచిందో.

ఆయన వెళ్లాక మా ఆయనకి అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. వెలిగిన మొహం మెల్లగా ఆరిపోయింది.

"మరేం చేద్దాం?"

"ఇల్లు మళ్లీ మురికి చేద్దాం."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఎవరిల్లు?"

"మనదే. బ్యాంకు మనిషి వచ్చే రోజుకి. ఆయన తక్కువ కడితే మన జీతం సరిపోతుంది. పదో వంతుకి మన కూలీ సరిపోతుంది. మర్నాడు కడిగేసుకుంటాం."

"నా స్నానాలగది కూడానా?"

"ముందు అదే."

"అది మోసం కాదూ?"

"ఆయన చేస్తే న్యాయం, మనం చేస్తే మోసమా?"

అంతవరకు మంచం మీద అటు తిరిగి పడుకున్న అత్తగారు ఇటు తిరిగారు. "అది చెప్పింది సబబుగానే ఉందిరా" అన్నారు. నేను కాపురానికి వచ్చాక నా మాట సబబని ఆవిడ అనడం అదే మొదలు. ఇన్నేళ్లలో దేనికీ పొసగని మాకు కంపు దగ్గర పొత్తు కుదిరింది.

"ఊరికే కుళ్లితే చాలదే అమ్మాయ్" అన్నారు ఆవిడ, లేచి కూర్చుని. "మూత పెట్టి కుళ్లనివ్వాలి. గాలాడితే కంపుకి బలం ఉండదు."

ఐస్‌క్రీం డబ్బాలో విరిగిన పాలు పోసి, గుడ్లు చితక్కొట్టి, క్యాబేజీ కాడలు తుంచి వేశారు. మూత బిగించి మేడ మీద ఎండలో పెట్టారు. రోజూ పైకి వెళ్లి, పురిటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుని వచ్చేవారు. "ఉబ్బింది" అని సంతోషంగా చెప్పేవారు. మోకాళ్ల నొప్పులని నీళ్ల చెంబు కూడా ఎత్తని మనిషి ఆ మెట్లన్నీ ఎలా ఎక్కారో నాకు తెలీదు.

బ్యాంకు మనిషి వస్తానన్న రోజున డబ్బా తెచ్చి, మూత వదులు చేసి, బీరువా వెనక పెట్టాం. గోనెసంచులు తడిపి మంచాల కింద పరిచాం. తూముకున్న జాలీ తీసేశాం. టీ డికాషన్‌లో పిండి కలిపి టైల్స్ సందుల్లో పూసింది నేను. గుమ్మం దగ్గర నిలబడి చూసింది మా ఆయన. ఇంకాస్త ఉంటే నా చేతిలోంచి గిన్నె లాక్కునేవారే. అందుకని కిటికీలు మూయమని పంపించాను.

విలువ కట్టే మనిషి కుర్రవాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో గోడమీద ఎర్రచుక్క వేసి దూరం కొలిచే పరికరం. వెనకే నవ్వుతూ న్యాయంగారు. గుమ్మం దాటగానే ఒకరి నవ్వు, ఇంకొకరి నడక ఒకేసారి ఆగిపోయాయి.

"ఎవరైనా పోయారా ఇంట్లో?" అన్నాడు కుర్రవాడు, రుమాలు ముక్కుకి అదుముకుని.

"ఇంకా లేదు నాయనా" అన్నారు అత్తగారు మంచం మీద దగ్గుతూ.

"పోయిన ఆదివారం ఇలా లేదండీ, న్యాయంగా" అన్నాడు న్యాయంగారు.

"అమ్మేవాళ్లంతా ఇదే చెబుతారు లెండి."

వంటింట్లో ఎర్రచుక్క వేశాడు. తూము వైపు చూసి తల తిప్పేసుకున్నాడు. స్నానాలగది తలుపు తీసి వెంటనే మూశాడు. అక్కడే గోడకి ఆనుకుని ఉన్న మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం ఆ కుర్రవాడు కంపు వల్లనుకుని, "మీకూ పడట్లేదా సార్" అని జాలిపడ్డాడు. మేం దిగినప్పుడున్న విలువకన్నా కాస్త తక్కువే కట్టి, గబగబా కిందికి దిగుతూ, మెట్ల మలుపులో వాంతి చేసుకున్నాడు. అది కడిగింది నేనే. ఆ కూలీ జమ వేయించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే, తలుపులు కిటికీలు తీసి ఇల్లంతా కడుగుతుండగా న్యాయంగారు చెప్పాపెట్టకుండా దిగాడు. గోడలు చూశాడు, టైల్స్ చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"డబ్బా ఎక్కడ పెట్టావు చెల్లెమ్మా?"

"బీరువా వెనక" అన్నారు అత్తగారు, వంట మెచ్చుకుంటే చెప్పినట్టు.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పళ్ల సందుల్లో నిన్నటిదేదో ఇంకా ఉంది. "ఇంత బుర్ర నేనింకెక్కడా చూడలేదు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకి లోపల ఎక్కడో కాస్త పొంగాను. "ఆ ధరకే ఇస్తా. మాటంటే మాటే. సంతకం పెట్టేస్తా. ఒక చిన్న సాయం చేసి పెట్టాలి."

సాయం ఏమిటంటే, రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఇల్లు అమ్ముతోంది. దాన్ని ఆయన కొనాలనుకుంటున్నాడు. ఆవిడ కూడా బ్యాంకు మనిషి కట్టిన విలువకే ఇస్తానంది.

"ఇల్లు చూడ్డానికి వచ్చినట్టు వెళ్లు. బీరువా వెనక ఒక చిన్న డబ్బా. మూత వదులుగా. అంతే. ఆ పని కాగానే మన సంతకం."

మన, అన్నాడు. సంతలో తప్పిపోయిన తోబుట్టువు దొరికినట్టు నా వంక చూశాడు. ఏడాదిగా ఎన్ని జిడ్డుచుట్టలు ఒంటిమీద పాకినా అంత వెగటు పుట్టలేదు. ఆయన తాగిన కప్పు కడగకుండా చెత్తబుట్టలో పడేశాను.

"ఏం పోయింది, ఒక డబ్బానే కదా" అన్నారు మా ఆయన, న్యాయంగారు మెట్లు దిగాక.

ఈయన వంక చూశాను. నిన్న టైల్స్ మీద డికాషన్ పూస్తే కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషే.

"మన ఇంట్లో పెట్టాం, మన కంపు మనం పీల్చాం. ఇది పరాయివాళ్ల కొంప."

"ఆవిడకి కాస్త తక్కువొస్తుంది, అంతేగా. మనకి ఇల్లే వస్తుంది."

"కాస్త అంటే ఎంత?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "నాకు మాత్రం ఇష్టమా? ఇది పోతే మళ్లీ మన బతుక్కి ఇల్లుందా? అమ్మ వయసు చూడు."

"నా వయసు జోలికి రాకండర్రా" అన్నారు అత్తగారు. "డబ్బా మాత్రం ఇంకోటి మేడ మీద తయారుగా ఉంది. దేనికైనా మంచిదని రెండు పెట్టాను."

వెళ్లాను. వెళ్లనంటే వెళ్లనని గొప్పగా నిలబడ్డానని రాసుకోవచ్చు. కాని వెళ్లాను. భుజాన సంచీ, సంచీలో బిగించిన డబ్బా. దారి పొడుగునా, చూసి వద్దాం, పెట్టాలో లేదో అక్కడికెళ్లాక చూసుకుందాం, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇల్లు కొనుక్కునే వాళ్లలా చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

ఆ పెద్దావిడ జీవితమంతా బట్టలు కుట్టి ఆ ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు చూపు ఆనక, దాన్ని అమ్మి చెల్లెలి ఊరు పోదామనుకుంటున్నారు. చిన్న ఇల్లు. గచ్చు తోమీ తోమీ అద్దంలా ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. కాని లోపల అడుగు పెట్టగానే వాసన గుప్పుమంది.

"వస్తోందా అమ్మా?" అన్నారు ఆవిడ, నేను మొహం తిప్పుకోక ముందే. "నాలుగు రోజులుగా కడుగుతూనే ఉన్నాను. ఎక్కణ్నుంచో అంతు చిక్కట్లేదు. పూటపూటా స్నానం చేస్తున్నా. వయసు మీద పడితే ఒంటికే వాసన పుడుతుందంటారు కదా, నాదేనేమోనని." చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. "నాకైతే తెలియట్లేదు. నువ్వు చెప్పు, మొహమాటపడకు. నా దగ్గర్నుంచేనా?"

"కాదండీ" అన్నాను.

"ఇల్లు చూస్తూ ఉండు, నీళ్లు తెస్తా" అని లోపలికి వెళ్లారు.

జనంలో మన పిల్లల గొంతు గుర్తుపట్టినట్టు ఆ వాసనని నేను గుర్తుపట్టాను. నా సంచీ తడిమి చూసుకున్నాను. మూత బిగించే ఉంది. బీరువా దగ్గరికి వెళ్లి వెనక చెయ్యి పెట్టాను. వేళ్లకి చల్లగా, జిగటగా తగిలింది. లాగితే పాలపొడి డబ్బా. మూత వదులుగా ఉంది. క్యాబేజీ కాదు, చేపతలలు వాడారు. ఎవరి చేతివాటం వాళ్లది. ఇంత బుర్ర ఎక్కడా చూడలేదన్నాడు కదా. పాలపొడి డబ్బావాళ్లతో కూడా అదే అని ఉంటాడు.

డబ్బా నా చేతిలో ఉండగానే ఆవిడ గ్లాసుతో వచ్చారు.

"ఇదండీ" అన్నాను.

ఆవిడ డబ్బా వంక, బీరువా వంక, నా వంక చూశారు. "నువ్వు పెట్టావా?"

"ఇది నేను పెట్టలేదండీ."

"ఇది అంటే?" చూపు ఆనదన్న మనిషి నా సంచీని మాత్రం సరిగ్గా చూశారు. "మరి అందులోది?"

చెప్పాను. అక్కడున్న కుర్చీలో కూర్చుని జిడ్డు, అడ్వాన్సు, డబ్బా, సంతకం, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఆవిడ నన్ను ఆపలేదు, తిట్టలేదు. తిట్టు ఒక్కటి పడితే అది పుచ్చుకుని పోదామని ఎదురుచూశాను. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసి, కిటికీలన్నీ తీసుకుంటూ వెళ్లారు. ఆఖరి కిటికీ దగ్గర నిలబడి, "నేను నాలుగు రోజులుగా నన్నే తోముకుంటున్నాను" అన్నారు. రెక్కకి కొక్కెం తగిలించి, "రెండూ తీసుకుపో. ఇక్కడ మూత తీయకు. నువ్వు కూర్చున్న కుర్చీ కూడా అటు జరిపి వెళ్లు, అక్కడ కడగాలి" అన్నారు.

ఆదివారం న్యాయంగారు వచ్చాడు. కొత్త కప్పులో టీ ఇచ్చాను.

"పని అయిందా చెల్లెమ్మా?"

"బీరువా వెనక ఖాళీ లేదండీ. మీ ఇంకో చెల్లెమ్మ ఎవరో ముందే పెట్టేసింది."

ఇబ్బంది పడతాడేమోనని ఆశగా చూశాను. బిస్కెట్టు ముంచాడు. "పెట్టిందా? పెడతానని నాన్చుతుంటే పెట్టదేమో అనుకున్నా. ఒకటికి రెండుంటే మంచిదే కదా అని నీకూ చెప్పా."

"రెండూ నేనే తీసుకెళ్లి పారేశాను. ఆవిడకి అంతా చెప్పేశాను."

ఆయన బిస్కెట్టు నమలడం పూర్తిచేశాడు. తర్వాత, చిన్నపిల్ల గ్లాసు పగలగొడితే అన్నట్టు, "అయ్యో" అన్నాడు. "ఆ ఇల్లూ పోయె. మరి మన సంతకం ఎలా?"

"విలువ కట్టిన కాగితం ఉంది. ఆ ధరకే ఇవ్వాలని ఒప్పందంలో ఉంది" అన్నారు మా ఆయన గుమ్మం దగ్గర్నుంచి. 

"ఉంది బావగారూ. పని పూర్తయిందని నేను ఒప్పుకుంటేనే చాకిరీ అడ్వాన్సు కింద జమ అని కూడా ఉంది. ఇల్లు కంపు కొడుతోందని, తూము పాడైందని, స్నానాలగది వాడకానికి పనికిరాదని బ్యాంకు మనిషే రాశాడు. ఆ కాగితం పట్టుకుని పని పూర్తయిందని నేనెలా అంటాను, న్యాయంగా?"

మా ఆయన నా వంక చూశారు. నేను అత్తగారి వంక చూశాను. అత్తగారు, నేను చూడగా మొదటిసారి, నోరు తెరిచి ఏమీ మాట్లాడకుండా మూసుకున్నారు.

"ఎప్పటికి ఖాళీ చేయాలండీ?" అన్నారు మా ఆయన.

"తొందరేం లేదు. నెలాఖరుకి. కిటికీలు మాత్రం తీసి ఉంచండి, చూడ్డానికి మనుషులొస్తారు."

వచ్చారు. మేం సామాన్లు కడుతుంటే మా మధ్యలోంచి తిరిగి చూశారు. టైల్స్ చాలా బాగున్నాయని మా ఆయనతోనే అన్నారు. ఆయన "అవునండీ" అన్నారు. చెక్కపెట్టె మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. డబ్బా ఎందుకు పెట్టలేదని మాత్రం నన్ను అడగలేదు. అడగకపోవడానికి ఆయన పడుతున్న కష్టం కనిపిస్తూనే ఉంది. నాకు అదీ ఓర్వరానిదిగానే ఉంది. ఇద్దరం ఒకరి ఎదురుగా ఒకరం తినడం మానేశాం కొన్నాళ్లు.

మళ్లీ రెండు గదుల అద్దె ఇంట్లో పడ్డాక, ఒకరోజు ఆ పెద్దావిడ దుకాణానికి కళ్లద్దాల కోసం వచ్చారట. మా ఆయన ఎవరో తెలుసుకుని, నన్ను ఒకసారి రమ్మని కబురు పంపారు. పోవాలో వద్దో అనుకుంటూనే పోయాను.

ఈసారి సంచీ తీసుకెళ్లలేదు. ఆవిడ అది చూశారు.

"బ్యాంకువాళ్లు సరైన విలువే కట్టారు" అన్నారు. "ఆ మనిషికి మాత్రం అమ్మను. నాకు తొందరగా పోవాలని ఉంది. నిన్నే అడుగుదామనిపించింది. కొంటారా?"

ఎంతకని అడిగాను. చెప్పారు. చిన్న ఇల్లు. తొమ్మిది వంతులకి మా ఆయన జీతం సరిగ్గా సరిపోతుంది. 

"అడ్వాన్సు ఎంత పెట్టగలరు?"

 "డబ్బయితే లేదండీ" అన్నాను. "చాకిరీ చేసి పెడతాం. ఏ పనైనా సరే. గోడలు గీకుతాం, తూములు తీస్తాం, టైల్స్ మా ఆయనే వేస్తారు. ఏది చెబితే అది."

ఆవిడ నా చేతుల వంక చూశారు. తర్వాత ఇల్లంతా ఒకసారి కలయజూశారు. నేనూ చూశాను. గచ్చు మెరుస్తోంది. గోడకి మరక లేదు. తలుపు మూలల్లో కూడా దుమ్ము లేదు. ఏదైనా ఒక్కటి, చిన్న చెమ్మ అయినా, ఊడిన పెచ్చయినా కనిపిస్తుందేమోనని పైకప్పు దాకా వెతికాను.

"పనేం మిగల్లేదమ్మా" అన్నారు ఆవిడ, తప్పు తనదైనట్టు. "అంతా నేనే చేసేసుకున్నాను."

అంత శుభ్రమైన ఇంటిని ఇంక చూళ్లేక, చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేశాను.